రుద్దకూడదని ఒడియాలో చెప్పారు

మేం ఒడిశాలోని రాయగడ వచ్చి ఆరేళ్లయింది. పార్వతీపురంలో రైలెక్కితే కాసేపటికే వచ్చేస్తుంది, అందుకే ఇది వేరే రాష్ట్రం అంటే మా అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోరు. బజారులో తెలుగు వినిపిస్తుంది, మజ్జిగౌరమ్మ గుడికెళ్తే అక్కడా తెలుగు వినిపిస్తుంది. ఆ ధీమాతోనే నా ఒడియా కూరగాయల బేరం దగ్గర ఆగిపోయింది. మావాడికి ఐదేళ్ల టీకా వేయించిన రోజు దాకా అది లోటనిపించలేదు.

అది డీపీటీ రెండో బూస్టర్. నెలల పిల్లాడప్పుడు వేసిన మూడు పెంటావాలెంట్లు (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), 16 నెలలు దాటాక వేసిన మొదటి బూస్టర్ కలుపుకుంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు ఇది ఐదో డోసు. అప్పుడు తొడకు వేసేవారు, ఈసారి చేతికి వేశారు. వేశాక దీదీ (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంని ఇక్కడ అలాగే పిలుస్తాం) అరగంట కూర్చోమంది, గబగబా నాలుగు మాటలు చెప్పింది. అందులో "ఘొసిబే నాహీ" ఒకటి. "నాహీ" తెలిసింది, ఏం వద్దందో తెలియలేదు. వెనక తల్లులు పిల్లల్నెత్తుకుని నిలబడి ఉన్నారు. మళ్లీ అడగడానికి మొహమాటపడి తలూపి వచ్చేశాను.

సాయంత్రానికి చెయ్యి కాస్త ఎర్రబడింది. అత్తయ్య కొబ్బరినూనె వెచ్చజేసి బాగా మర్దనా చేశారు, ఆ తర్వాత ఉప్పు మూటతో కాపడం పెట్టారు. మా ఇళ్లలో బెణికినా, పట్టేసినా అదే వైద్యం, మనవడి మీద ప్రేమతో చేసిన పనే. రాత్రికి ఆ ఎరుపు అరచేతంత మేర పాకి, చెయ్యి గట్టిగా వాచిపోయింది.

అర్ధరాత్రి వాడు లేచి "బింధుచి, బింధుచి" అని ఏడుస్తున్నాడు. అత్తయ్య లేచి నీళ్ల బిందె దగ్గరికి నడిచారు. "దాహమేస్తందా నాయినా?" అని గ్లాసు పట్టుకొచ్చారు. వాడు తల అడ్డంగా ఊపి ఇంకా గట్టిగా ఏడ్చాడు. చెయ్యి పట్టుకుని చూపించాక గానీ నాకు తట్టలేదు, ఒడియాలో నొప్పెడుతోంది అంటున్నాడని.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇంట్లో అన్నం, ఆకలి, నిద్ర, అలక అన్నీ తెలుగులోనే అడిగే పిల్లాడు నొప్పిని మాత్రం ఒడియాలో చెప్పాడు. ఆలోచిస్తే అర్థమైంది. వాడు పడేది, మోకాలు చీరుకునేది అంతా బడి దగ్గరే. అక్కడ లేవనెత్తేవాళ్లు ఏ మాటతో అడిగితే ఆ మాటే వాడి నోట్లో నిలిచింది. నొప్పి పేర్లు నేనెప్పుడూ నేర్పలేదు. మనకెన్ని ఉన్నాయి! సలుపు, పోటు, మంట, గుంజుడు, తీపు. ఒక్కోటీ ఒక్కో రకం బాధ. చిన్నప్పుడు మా అమ్మ "సలుపుతోందా, మండుతోందా?" అని అడిగి, దాన్నిబట్టి ఏం చెయ్యాలో చూసేది. ఆ ప్రశ్న నా దగ్గరే ఆగిపోయింది.

పొద్దున్నే పక్కింటి మావుసిని తోడు తీసుకుని దీదీ దగ్గరికి వెళ్లాను. మావుసి నాకు తెలుగులో విడమర్చింది: "ఘొసిబే నాహీ అంటే రుద్దవద్దని." రుద్దడం, వేడి కాపడం పెట్టడం వల్ల వాపు, నొప్పి ఎక్కువవుతాయట. శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్లలో తడిపి, పిండి, పది పదిహేను నిమిషాలు వెయ్యాలి. చెయ్యి కదపకుండా కట్టేసినట్టు ఉంచక్కర్లేదు, ఆడుకోనివ్వాలి. ఈ టీకాలో కొద్దిగా అల్యూమినియం లవణం ఉంటుంది. అది శరీరంలోని రక్షణ కణాలను సూది పడిన చోటికి రప్పిస్తుంది కాబట్టే అక్కడ వాపు, ఎరుపు వస్తాయి. బూస్టర్లప్పుడు ఇంకాస్త ఎక్కువ వాచడమూ మామూలే. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. లోపల చిన్న గడ్డలా మిగిలినది నొప్పి లేకుండా కొన్ని వారాలుండి దానంతటదే కరిగిపోతుంది.

జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు, అయితే బరువు చూసి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మావాడు 16 కిలోలు, అంటే ఒక్కసారికి 160 నుంచి 240 మిల్లీగ్రాములు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. దుకాణంలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్పూ ఉంటుంది, 250దీ ఉంటుంది, సీసా మీద చదవకుండా చెంచా ఎత్తకండి. జ్వరం రాకముందే పట్టించేయక్కర్లేదు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు.

ఎప్పుడు పరుగెత్తాలో కూడా ఆ రోజే అడిగాను. రెండు మూడు రోజులు దాటాక ఎరుపు పాకుతూ పోతున్నా, చీము పట్టినా, జ్వరం తగ్గకపోయినా, పిల్లాడు మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా డాక్టరుకు చూపించాలి. సూది వేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే, లేదా ఎప్పుడైనా ఫిట్స్ వస్తే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

ఇదంతా టీకా కార్డు వెనక తెలుగులో రాసి పెట్టాను. కార్డు ఒడియాలో ఉంది, పిల్లల దగ్గర పగలంతా ఉండేది అత్తయ్య. ఆవిడ చదవలేని కాగితం మా ఇంట్లో ఎవరికీ అక్కరకు రాదు. తర్వాత పుట్టిన పాప కార్డు వెనకా బీసీజీ (పుట్టగానే వేసే క్షయ టీకా) సంగతి అలాగే రాశాను, ఆ రాత పనికొచ్చింది. కొన్ని వారాల తర్వాత ఎడమ చేతి మీద చిన్న పొక్కు లేచి, చితికి పుండైంది. వేపాకు నూరి పెట్టమని ఒకరు, పసుపు పెట్టమని ఇంకొకరు. దానికి ఏదీ రాయకూడదు, శుభ్రంగా వదిలేస్తే మానుతుందని అత్తయ్యే కార్డు తిప్పి వాళ్లకు చదివి వినిపించారు.

మొన్న పాపకి మొదటి డీపీటీ బూస్టర్. అత్తయ్య కూడా వచ్చారు. దీదీ మాటలు మొదలుపెట్టగానే మావాడు ఆవిడ చీర కొంగు లాగాడు.

"నానమ్మా, రుద్దకూడదంట. తడిగుడ్డ వెయ్యాలంట. చెల్లికి సలుపు పుడితే నాకు చెప్పు, నేను వేస్తాను."