ఉద్దానంలో చవక మందుల షాపు: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని సోంపేటలో మందుల షాపు పెడతానంటే మా వాళ్లలో నవ్వినవారే ఎక్కువ. ఉన్న షాపులు చాలవా అన్నారు. షాపులు ఉన్న మాట నిజమే. కానీ కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు సంగతి తెలియని ఇల్లు లేదు. దానికి కారణమేమిటో ఇంతవరకూ కచ్చితంగా తేలలేదు. మందులు మాత్రం ఆగవు. బిపి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, సోడియం బైకార్బొనేట్... ఒకసారి మొదలైతే నెలనెలా కొనాల్సిందే. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో కూలికి వెళ్లే ఇంట్లో ఆ బిల్లు ఎంత బరువో నాకు తెలుసు. డి.ఫార్మసీ చదివి విశాఖలో ఒక షాపులో కొంతకాలం పనిచేశాను గనుక, అదే మందు వేరే పేరుతో ఎంత తక్కువకు వస్తుందో కూడా తెలుసు. అందుకే బ్రాండు పేరు లేని మందులను చవకగా అమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం కింద జన ఔషధి కేంద్రానికి దరఖాస్తు పెట్టాను. మహిళలకు 5,000 రూపాయల దరఖాస్తు రుసుము లేదు.

మొదటి తంటా గదితో వచ్చింది. మందుల లైసెన్సుకు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి, అంటే సుమారు 108 చదరపు అడుగులు. జన ఔషధి పథకానికి 120 చదరపు అడుగులు కావాలి. ఇంటి యజమాని 'పది బై పన్నెండు' అన్నారు. టేపు పెట్టి చూస్తే ఆ కొలత గోడల మందంతో కలిపి. లోపల 109 చదరపు అడుగులే వచ్చింది. లైసెన్సుకు సరిపోతుంది, పథకానికి చాలదు! వెనక సామాన్ల గదికి అడ్డున్న గోడ తీయించడానికి ఆయనను ఒప్పించేసరికి నా గొంతు ఎండిపోయింది. తాపీ మేస్త్రీ కూలి నా ఖాతాలోనే పడింది.

ఆ తర్వాత కాగితాలు. అద్దె ఒప్పందం, గది ప్లాను, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఫ్రిజ్ కొన్న రసీదు, అఫిడవిట్. ఇవన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాక డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. ఇక్కడ నాకు పెద్ద ఇబ్బంది కలగలేదు. అడిగిన కాగితం అడిగినట్టు ఉంటే పని జరిగింది. మందులు చిల్లరగా అమ్మడానికి కావాల్సిన ఫారం 20, 21 లైసెన్సులు చేతికొచ్చాయి.

అసలు ఇబ్బంది డబ్బు. పథకం కింద మహిళలకు ఫర్నిచరు, కంప్యూటరు వంటి వాటికి 2 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ ముందు మన డబ్బుతో కొని, బిల్లులు పెడితే తర్వాత తిరిగి వస్తుంది. ముందు పెట్టే డబ్బు ఎక్కడిది? ఒక బ్యాంకులో నన్ను రోజుల తరబడి తిప్పి, చివరకు తాకట్టు ఏముందని అడిగారు. మా అమ్మ డ్వాక్రా సంఘంలో ఇరవై ఏళ్లుగా పొదుపు చేస్తోంది, కిస్తీ ఒక్కటి కూడా తప్పలేదు. ఆ సంఘం ద్వారా వచ్చిన రుణంతోనే అల్మరాలు, కంప్యూటరు, మొదటి సరుకు కొన్నాను. మా అమ్మ సంతకానికి ఉన్న విలువ నా డి.ఫార్మసీ చదువుకు లేకపోయింది.

షాపు తెరిచాక లెక్క అర్థమైంది. అమ్మే ధరలో మనకు మిగిలేది 20 శాతం. పది రూపాయల స్ట్రిప్పు మీద రెండు రూపాయలు. మందు ఎంత చవకైతే మన చేతికి అంత తక్కువ. నాలుగు వేల రూపాయల అద్దె రావాలంటే అలాంటివి రెండు వేల స్ట్రిప్పులు అమ్మాలి. దారిన పోయేవాళ్లు ఒకసారి కొని వెళ్తే ఈ షాపు బతకదు, నెలనెలా వచ్చేవాళ్లు కావాలి. నెలలో కొన్న సరుకు విలువలో 20 శాతం, గరిష్ఠంగా 20,000 రూపాయల వరకు ప్రోత్సాహకం ఇస్తారు. అయితే బాగా అమ్ముడయ్యే మందులు ఎప్పుడూ నిల్వ ఉంచాలి. ఆ షరతు నాకు మంచిదే అనిపించింది. బిపి మాత్ర కోసం కంచిలి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి 'స్టాకు లేదు' అని ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ రాడు.

ఇక డాక్టర్లు రాసే మందుల చీటీల గొడవ. జనం తెచ్చే చీటీల మీద బ్రాండు పేర్లే ఉంటాయి. షెడ్యూల్ హెచ్ మందుకు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుకు, చీటీలో ఒక పేరుంటే, అదే రసాయనం ఉన్నా వేరే మందు ఇవ్వడానికి 1945 నాటి మందుల నిబంధనలు ఒప్పుకోవు. డాక్టర్లు రసాయనం పేరుతోనే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది, అదే నెలలో పక్కన పెట్టింది. చవక మందుల షాపులు తెరవమంటారు, అక్కడికి చీటీ వచ్చే దారి మాత్రం వేయరు. నాకు ఈ పథకం మీద ఉన్న ప్రధాన ఫిర్యాదు ఇదే. చేసేది లేక, నా దగ్గరున్న మందుల జాబితాను రసాయనం పేరు, మోతాదు, ధరతో తెలుగులోనూ ఇంగ్లిషులోనూ టైపు చేయించి డాక్టర్ల దగ్గరకు వెళ్లాను. కొందరు తీసుకుని పక్కన పెట్టేశారు. ఒక ఆర్‌ఎంపీ కమీషన్ ఎంత అని అడిగాడు. ఒక పెద్ద డాక్టరు గారు మాత్రం చదివి, 'ప్రతి బ్యాచ్ పరీక్ష చేయిస్తారా?' అన్నారు. గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షించాకే పంపుతారని చెప్పాను. ఆ వారం నుంచే ఆయన చీటీలు మారాయి. నా షాపు నిలబడింది అక్కడినుంచే.

జనానికి చవక మీద నమ్మకం ఉండదు. 'ఇంత తక్కువా? పని చేస్తుందా తల్లీ?' అని అడగని మనిషి లేడు. ఒకరోజు కొబ్బరి చెట్లెక్కే పెద్దాయన నడుం నొప్పికి డైక్లోఫెనాక్ అడిగాడు. చీటీ లేదు. పాదాలు వాచి ఉన్నాయి. 'క్రియాటినిన్ ఎంత, బాబాయ్?' అన్నాను. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష అది, అంకె పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు. మా వైపు ఈ మాట చదువురాని వాళ్లకు కూడా తెలుసు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. మూడు దాటింది. ఇలాంటి నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి, ఇవ్వను, డాక్టరును అడుగు అన్నాను. 'అమ్ముకునేదానివి కావా నువ్వు?' అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు. తర్వాత ఆయన భార్య బిపి చీటీతో వచ్చింది, తోడు వాళ్ల వీధిలోని మరో ఇద్దరిని తీసుకొచ్చింది. ఆయన మాత్రం ఇప్పటికీ షాపు బయటే నిలబడతాడు, లోపలికి రాడు.

అద్దె, కరెంటు, సాయానికి పెట్టుకున్న అమ్మాయి జీతం పోను ఇప్పుడు కాస్త మిగులుతోంది. విశాఖలో జీతం కన్నా ఎక్కువేమీ కాదు, కానీ డ్వాక్రా కిస్తీ ఆగలేదు. ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, మా వైపు తుపాను వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈ నెల ప్రోత్సాహకం ఇన్వర్టరుకే పోతుంది.