ఎం20కి క్లచ్ లివర్ వెతుకులాట

లివర్ మొత్తం నొక్కే ఉంది, అయినా గేరు పడగానే బండి ముందుకి దూకింది. క్లచ్ ప్లేట్లని తిట్టుకోవాల్సిన పని లేదు, తేడా అంతా లివర్‌లోనే.

రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ మోటార్‌సైకిల్ బీఎస్‌ఏ ఎం20కని అమ్మే లివర్లు చూపుకి అన్నీ ఒకటే. పివట్ బోల్టు (లివర్ తిరిగే బోల్టు) మధ్య నుంచి కేబుల్ నిపుల్ (లివర్‌లో కూర్చునే కేబుల్ కొస) మధ్యకి కొలవండి: కొన్ని 7/8 అంగుళం, కొన్ని 1-1/16. చిన్నదైతే చేతికి హాయి, కానీ కేబుల్ తక్కువ లాగుతుంది, ప్లేట్లు పూర్తిగా విడవవు. పెద్దదైతే విడుస్తాయి, ట్రాఫిక్‌లో మణికట్టుకి తెలుస్తుంది. ఫొటో చూసి కొనకండి, ఈ కొలత అడగండి.

లివర్‌ని హ్యాండిల్‌బారుకి పట్టి ఉంచే క్లాంపు కూడా అంతే. 7/8 అంగుళం బారుకి 1 అంగుళం క్లాంపు తెచ్చి రేకు చుట్టి బిగిస్తే, గట్టిగా పట్టినప్పుడే జారి తిరుగుతుంది.

1942లో మలయా జపాన్ చేతికి పోయాక రబ్బరు కరువై హ్యాండిల్‌కి కాన్వాస్ గ్రిప్పులు వచ్చాయి. అలాంటి కరువు కాలపు 43 మోడల్‌కి మెరిసే క్రోమ్ లివర్లు పెడితే, నన్నడిగితే అది పెళ్లి ఊరేగింపు బండే.

ఇగ్నిషన్ లివర్ (స్పార్క్ ఎప్పుడు పడాలో మార్చేది) బిగించేముందు, స్పార్క్ పుట్టించే మాగ్నెటో చూడండి. కొన్నిట్లో కేబుల్ లాగితే అడ్వాన్స్, అంటే స్పార్క్ ముందుగా పడుతుంది, కొన్నిట్లో వదిలితే. తారుమారైతే కిక్కర్ ఎదురుతన్ని పిక్క వాస్తుంది.