అనుమానం 16: పెండ్రాగన్‌లో లోపమున్న ప్రభువు, ఏడాదివారీ నోట్సు

1985లో కేయోసియం విడుదల చేసిన పెండ్రాగన్‌, ఆర్థర్ రాజు గాథల మీద అల్లిన రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్రను నడిపే ఆట. లోపమున్న ప్రభువును ఆడించడానికి దీన్ని మించిన ఆట కనిపించదు. ఇందులో ప్రతి పాత్రకూ 13 జతల గుణాలుంటాయి. జతలో రెండూ కలిపితే 20. ఒకటి పెరిగితే రెండోది అంతే తగ్గుతుంది. గుణం 16కు చేరితే ఊరంతా తెలిసిపోయినట్టే. ఇక ఆ గుణానికి పరీక్ష వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల డైస్ (పాచిక) వేయాల్సిందే, పడిన దాన్ని బట్టి నడుచుకోవాల్సిందే. కింది అంకెలు ఐదో ఎడిషన్‌వి.

పాత్ర: ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో కొన్ని మేనర్లు (జాగీర్లు) ఉన్న ప్రభువు. మిగతా ఆటగాళ్లు అతని కింద నైట్లు (గుర్రమెక్కి పోరాడే యోధులు). అనుమానం 16, నమ్మకం 4.

ఈ లోపాన్నే ఎంచుకోవడానికి కారణముంది. చురుకుదనం, ఔదార్యం, న్యాయం, దయ, వినయం, ధైర్యం అనే ఆరింటి మొత్తం మీద నైట్‌కు మర్యాదస్తుడన్న పేరు వస్తుంది. నమ్మకం ఆ ఆరింటిలో లేదు. కాబట్టి ఇతను ఉదారంగా పంచిపెడతాడు, యుద్ధంలో ముందుంటాడు, బయటివాళ్లకు ఆదర్శ ప్రభువు. దగ్గరివాళ్లకే నరకం. మొదటి రోజు నుంచీ క్రూరుడైన ప్రభువు దగ్గర సామంతులు ఎందుకుంటారో చెప్పడం కష్టం. ఇతని దగ్గర ఉండటానికి మాత్రం వాళ్లకు బోలెడు కారణాలున్నాయి.

485 (ఆటలోని సంవత్సరం). గిడ్డంగి పద్దుల్లో ధాన్యం తక్కువైంది. డైస్ 9. 16 లోపే కాబట్టి అనుమానానిదే గెలుపు. స్టీవార్డ్‌ను (ఎస్టేటు పనులు చూసేవాణ్ని) తీసేసి మేనల్లుడిని పెట్టాడు. పాత మనిషి నిర్వహణ నైపుణ్యం 15, మేనల్లుడిది 6. అంటే పంట రోల్ (పంట కోసం వేసే డైస్) నెగ్గే అవకాశం 75 శాతం నుంచి 30కి పడిపోయింది. లోపం ఇలా పాత్ర వివరాలు రాసుకునే షీటు మీద అంకెగా దిగాలి. ముఖం చిట్లించి నాలుగు డైలాగులు చెబితే పాత్ర లోపం బయటపడదు, దాని వల్ల ఎవరికో ఏదో పోవాలి.

486. ఒక నైట్ అర్ధరాత్రి గుర్రం మీద వచ్చి, రేవు దగ్గర సాక్సన్లు దాటుతున్నారన్నాడు. అనుమానం మీద 18, తప్పింది. వెంటనే నమ్మకం మీద వేయాలి: 11, అదీ తప్పింది. రెండూ తప్పితే నిర్ణయం ఆటగాడిదే. చాలామంది ఇక్కడే పాత్రను పాడుచేస్తారు. ఖాళీ దొరికింది కదా అని ప్రభువును ఒక్కసారిగా మంచివాడిని చేసేస్తారు. 16 ఉన్న మనిషికి ఇలాంటి వెసులుబాటు వందలో పన్నెండు సార్లకు మించి రాదు, దాన్ని వృథా చేసుకోకూడదు. ఇక్కడ ప్రభువు సరేనని సైన్యాన్ని పంపాడు. నైట్ వెనకాలే తన స్క్వయర్‌ను (సేవకుడైన కుర్ర యోధుణ్ని) కూడా పంపాడు, ఏం చూశాడో వచ్చి చెప్పమని. వార్త నిజమే, రేవు నిలిచింది. కానీ తిరిగొచ్చేటప్పుడు నైట్‌కు స్క్వయర్ ఎదురుపడ్డాడు. ప్రభుభక్తి మీద రోల్ చేయాల్సిన అవసరం ఇప్పుడు ఆ నైట్‌కు వచ్చింది. ఒకరి లోపం ఇంకొకరికి సన్నివేశం ఇవ్వడం అంటే ఇదే.

తోటి ఆటగాళ్ల మీదికి వెళ్లే ఇలాంటి పనిని డైస్ వేయకముందే వాళ్లతో అనుకోవాలి. “నా పాత్ర అంతే” అన్న మాట తర్వాత సాకుగానే వినిపిస్తుంది. సెషన్‌కు ఒకటి రెండు రోల్స్ చాలు. వంటవాడి మీదా, గుర్రపు నాడాల మీదా అనుమానం రోల్ చేస్తూ పోతే ఆట ముందుకు కదలదు.

487. డైస్ 20: ఫంబుల్, అంటే ఘోరంగా తప్పడం. అప్పుడు ఎదురు గుణానిదే పైచేయి. ప్రభువు మేనల్లుడిని గుడ్డిగా నమ్మి ఖజానా తాళాలు ఇచ్చేశాడు. నమ్మకం పక్కన టిక్కు పడింది.

టిక్కు పడ్డ గుణానికి చలికాలంలో మళ్లీ డైస్ వేస్తారు. ఉన్న విలువ కన్నా ఎక్కువ పడితే 1 పెరుగుతుంది. అనుమానం 16 నుంచి 17కు వెళ్లాలంటే 17 నుంచి 20 లోపు పడాలి: 20 శాతం. నమ్మకం 4 నుంచి 5కు రావడానికి 5 పడినా చాలు: 80 శాతం. మనిషి దిగజారడం కన్నా బాగుపడటం ఈ ఆటలో తేలిక. అందుకే లోపాన్ని నిలబెట్టుకోవాలంటే ఎప్పటికప్పుడు దాని ప్రకారమే నడవాలి. ఆ చలికాలం నమ్మకానికి 13 పడింది. నమ్మకం 5, అనుమానం 15. తప్పనిసరి రోల్ పోయింది. ఏటా వచ్చే 16 గ్లోరీ (ఖ్యాతి పాయింట్లు) కూడా పోయింది, ఎందుకంటే గ్లోరీ మంచి పేరుకే కాదు, చెడ్డపేరుకూ వస్తుంది.

ఖజానా సగం ఖాళీ అయ్యాక ఆట నడిపించే గేమ్ మాస్టర్‌తో మాట్లాడి అనుమానాన్ని 16కు లాగకుండా, ఒకరి మీదికే గురిపెట్టిన గుణం రాసుకున్నాం: అనుమానం (మేనల్లుడి మీద) +3. ఊరందరి మీదా 15, అతని మీద మాత్రం 18. చలికాలపు శిక్షణలో ఒక గుణాన్ని 1 మార్చుకునే వీలున్నా వాడలేదు, ఆ అవకాశం కత్తి నైపుణ్యానికి పోయింది.

488కి స్టీవార్డ్ పదవి ఖాళీ. పాత స్టీవార్డ్‌ను పిలిపించడానికి ఎవరు వెళ్లాలన్నది వసంతంలో తేలాలి. 486లో రేవు దగ్గర నిలబడ్డ ఆ నైట్‌ను పంపమని అడగబోతున్నాం, అతని ప్రభుభక్తి ఈ చలికాలంలో ఎంత మిగిలిందో చూశాక.