దాలి పాలు, డఫ్‌టౌన్ పబ్బు

స్కాట్లండ్‌లో, ఎల్గిన్ అనే ఊళ్లో డఫ్‌టౌన్ బస్సు ఎక్కేసరికే సగం తడిసిపోయాను. ఆగస్టులో స్వెట్టర్ వేసుకోవాల్సి రావడం ఒక బాధ, టికెట్ ధర రూపాయల్లో లెక్కేసుకోవడం ఇంకో బాధ. "లెక్కెయ్యకు బామ్మర్దీ, లెక్కేస్తే ఇక్కడ టీ కూడా గొంతు దిగదు" అన్నాడు మా బావ. గ్లాస్గోలో ఉండి పదకొండేళ్లయింది ఆయనకి.

ఊరి నుంచి ఎవరొచ్చినా బావ విస్కీకి పేరుపడ్డ ఈ స్పేసైడ్ ప్రాంతానికే తీసుకొస్తాడు. కొత్తగా తాగేవాళ్లకు తియ్యగా, మెత్తగా ఉండే ఇక్కడి సరుకే సరిపడుతుందని ఆయన నమ్మకం. గ్లెన్‌ఫిడిక్ డిస్టిలరీ చూశాం. పెద్ద పెద్ద రాగి బానలు, ఓక్ పీపాలు, కనీసం 3 ఏళ్లు పీపాలో ఉంటేగానీ స్కాచ్ అనకూడదన్న చట్టం, అన్నీ అయ్యాయి. ఆకలేసి పబ్బులో దూరాం.

బావ నాకు గ్లెన్‌ఫిడిక్ 12, అంటే పన్నెండేళ్లు పీపాలో ఉన్నది, చెప్పాడు. గ్లాసు అడుగున 25 ఎంఎల్. మన చిన్న పెగ్గు కన్నా తక్కువే! సోడా లేదు, పల్లీలు లేవు. బేరిపండు వాసన, కాస్త తీపి. బాగానే ఉంది కానీ, ఎవరింట్లోనో మర్యాదకు తాగిన షర్బత్‌లా ఉంది.

నా మొహం చూసి కౌంటర్ వెనకాల ఆవిడ, "పొగ వాసన మీకు పడుతుందా?" అని అడిగింది. "వద్దు వద్దు, కొత్తవాడు" అన్నాడు బావ. ఆవిడ వినలేదు. ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్ 10 పోసి, పక్కన చిన్న జగ్గులో నీళ్లు పెట్టింది.

మొదటి గుక్క అచ్చం టించర్ అయోడిన్. బావ అప్పటికే నవ్వుతున్నాడు. ఆవిడ చెప్పినట్టు నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ వాసన చూశాను.

అమ్మమ్మ వాళ్ల పెరట్లో దాలి! పొద్దున పిడకలు పేర్చి పాలకుండ పెడితే, మధ్యాహ్నానికి పాలు ఎర్రగా కాగి మీగడ వేలెడు మందాన కట్టేది. ఆ మీగడలో ఉండేదీ పొగ. ఐలాలో చిత్తడి నేలను ఇటుకల్లా కోసి ఎండబెట్టి, ఆ పీట్ పొగలో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారట. అంటే వాళ్ల పిడకలన్నమాట.

రెండోది కూడా అదే చెప్పాను. బావకి కోపమొచ్చింది. "ఇంతమందిని తీసుకొచ్చాను, ఒక్కడూ ఇలా చెయ్యలేదు."

"వాళ్లెవర్నైనా పొగ పడుతుందా అని అడిగావా బావా?"

మాట్లాడకుండా నా గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించి వెనక్కి తోశాడు. పాపం, వాళ్లింట్లో మొదట్నుంచీ గ్యాస్ పొయ్యే.