కొత్త హంటింగ్ బో కొందామా, పాతదానికే స్ట్రింగ్ మారుద్దామా

నాలుగు నెలల నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక ఫోన్ తీసి అదే బో (విల్లు) ఫొటో చూస్తున్నాను. అమెరికా కంపెనీది, కొత్త హంటింగ్ కాంపౌండ్, అంటే రెండు కొసలా చక్రాలు, కేబుళ్లు ఉండే విల్లు. కస్టమ్స్ అవీ కలుపుకుని రాయగడలో మా గుమ్మం దగ్గరికి చేరేసరికి లక్షా డెబ్బై వేలు అవుతుందని లెక్క తేలింది. చీటీ ఎత్తిన డబ్బు బ్యాంకులో ఉంది. అయినా కొనాలో వద్దో తేలక ఇన్నాళ్లూ నానుస్తూ వచ్చాను.

ముందే ఒక మాట చెప్పాలి. హంటింగ్ అనేది బో రకం పేరు మాత్రమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, నాకు ఆ కోరిక కూడా లేదు. నేను బాణాలు వేసేది నాగావళి పక్కన మా మామయ్యగారి మామిడి తోటలో, గోనె సంచుల్లో పాత చీరలు కుక్కి కట్టుకున్న దిమ్మ మీద. ఆరేళ్ల కిందట మా బావ అమెరికా నుంచి తిరిగొచ్చేస్తూ తను వాడిన బో నాకిచ్చాడు. అలా హంటింగ్ బో చేతికొచ్చింది గానీ నేను ఏరికోరి తెచ్చుకున్నది కాదు.

ఈ రకం పొట్టిగా ఉంటుంది. అక్కడ వేటగాళ్లు చెట్టు మీద మంచెలో కూర్చుని కొమ్మలకి తగలకుండా తిప్పుకోవాలి కాబట్టి పై చక్రం ఇరుసు నుంచి కింది ఇరుసుకి 30 నుంచి 33 అంగుళాలే పెడతారు. టార్గెట్ బోలు 36 నుంచి 40 దాకా వస్తాయి. పొడుగుది చేతిలో కుదురుగా నిలబడుతుంది, పొట్టిది మన వణుకునంతా బాణానికి అంటిస్తుంది. నేను చూస్తున్న కొత్తది కూడా 31 అంగుళాలే. ఇది తెలిసీ దాని మీదే మనసు పడిందంటే కారణం వేగం.

కంపెనీవాళ్లు దానికి 340 అని రాస్తారు, అంటే బాణం సెకనుకి అన్ని అడుగులు పోతుందని. ఆ అంకె లాగడానికి 70 పౌండ్ల బలం పట్టే బో, 30 అంగుళాల డ్రా లెంగ్త్ (నిండా లాగే పొడవు), 350 గ్రెయిన్ల (బాణాలు తూచే చిన్న కొలత) బాణం పెట్టి కొలిచేది. పోటీల్లో కాంపౌండ్ 60 పౌండ్లు దాటకూడదు, నా చేతులకి సరిపోయే డ్రా లెంగ్త్ 28, నా బాణం బరువు 390. అంగుళం తగ్గితే పది అడుగుల దాకా, పౌండు తగ్గితే రెండు అడుగుల దాకా పోతాయి, బాణం బరువుకి ఇంకొంత. అన్నీ తీసేస్తే నా చేతిలో అది 280 దగ్గర ఆగుతుంది. పాతది ఇప్పుడు 250 ఇస్తోంది. ఆ ముప్పై అడుగుల కోసం లక్షా డెబ్బై వేలు! పోనీ ఆ ముప్పై వల్ల నాకు ఒరిగేది ఉందా అంటే, వేటలో ఉంటుంది. 30 గజాలు అనుకున్న జంతువు నిజానికి 35లో ఉంటే, వేగంగా పోయే బాణం తక్కువ దిగుతుంది కాబట్టి అంచనా తప్పినా పని జరుగుతుంది. మాకు అంచనాలు లేవు. 50 మీటర్లు టేపు పెట్టి కొలిచి సున్నం గీత గీసుకున్నాం. సైట్ (గురి చూసే పరికరం) ఒకసారి సరిచేశాక 250 అయినా 280 అయినా బాణం ఆ 8 సెంటీమీటర్ల పది రింగుకే పోవాలి. పోకపోతే తప్పు వేగానిది కాదు.

ఇంకో సాకు కూడా వెతుక్కున్నాను. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది, ఆ విభాగంలో ఉన్న ఐదూ మన దేశానికే వచ్చాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా పెడుతున్నారు. ఇవన్నీ విని మా వీధి పిల్లలు ఇద్దరు తోటకి వస్తున్నారు. నేను కొత్తది కొంటే పాతది వాళ్లకి ఇవ్వొచ్చు కదా అనుకున్నాను. కానీ ఆ పాతది ఎంత వదులు చేసినా 60 పౌండ్లకి కిందికి దిగదు. పన్నెండేళ్ల పిల్లాడి భుజం ఏమవుతుంది?

అసలు సంగతి మొన్న ఆదివారం బయటపడింది. పార్వతీపురం నుంచి వచ్చిన స్నేహితుడు, ఒకప్పుడు పోటీలకి వెళ్లినవాడు, నేను లాగుతుంటే పక్కన నిలబడి చూశాడు. "ఒరేయ్, ఇది నీకు అంగుళం పొడుగు" అన్నాడు. బావ నాకంటే పొడగరి, ఆయనకి సరిపోయేలా 29కి పెట్టిన బోని నేను ఆరేళ్లు అలాగే లాగుతూ వచ్చాను. మోచెయ్యి బిగుసుకుపోవడం, స్ట్రింగ్ ముంజేతికి కొట్టి ఎర్రగా కందడం, బాణాలు ఎడమకి పోవడం, అన్నీ దానివల్లే. ఎల్ కీతో రెండు చక్రాల మీదా డ్రా లెంగ్త్ మార్చే మాడ్యూల్ ముక్కని ఒక గంటు వెనక్కి జరిపాం, పది నిమిషాల పని. బాణాలు కాస్త కిందికి దిగాయి, సైట్ మార్చుకున్నాను. సాయంత్రానికి అన్నం పళ్లెమంత ఉండే నా గ్రూపు, అంటే బాణాలు గుచ్చుకునే మేర, కాఫీ సాసరంత అయింది. ఇంటికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇంక మిగిలిన లోపం స్ట్రింగ్. అది సాగిపోయింది, లాగినప్పుడు పీప్ (గురి చూడ్డానికి స్ట్రింగ్‌లో ఉండే చిన్న కన్నం) పక్కకి తిరిగి కంటికి సగం చంద్రుడిలా కనిపిస్తుంది. కింది చక్రం మీద స్ట్రింగ్‌కి రక్షణగా చుట్టే సర్వింగ్ దారం విచ్చుకుని నూగులా లేచింది. తోట కాపలా ఉండే కోందు తెగ తాత అక్కడ బొటనవేలు పెట్టి చూసి, "ఇది తెగితే నీకు ఎక్కడ దొరుకుద్ది బాబూ?" అని అడిగాడు. ఆయన వెదురు విల్లుకి నారి కూడా వెదురు బద్దే, మాట్లాడుతూ మాట్లాడుతూనే కత్తితో కొత్తది చెక్కుకుంటాడు. నాకు స్ట్రింగ్ మార్చాలంటే బోని నొక్కిపట్టి స్ట్రింగ్ వదులు చేసే బో ప్రెస్ కావాలి, నాకు తెలిసినది విజయవాడలో ఉంది, రాత్రంతా రైలు. నిండా లాగినప్పుడు తెగిందంటే లింబ్‌లు (విల్లుకి పైనా కిందా వంగే బద్దలు) పగిలి మొహానికి రావచ్చు. కొత్త బో కొన్నా రెండు మూడేళ్లకి ఇదే ప్రయాణం తప్పదు. ఆ మాటతో నా ఊగిసలాట ఆగింది.

కొత్త హంటింగ్ బో కొనడం లేదు. స్ట్రింగ్, కేబుళ్లు కొత్త సెట్, ఒక డజను మంచి బాణాలు, బో కదలకుండా ముందు బిగించే పొడుగాటి స్టెబిలైజర్ కడ్డీ ఒకటి. అంతే. ఇదివరకు ఆన్‌లైన్‌లో తెప్పించిన స్ట్రింగ్ అరంగుళం పొట్టిగా వచ్చి వృథా అయింది కాబట్టి ఈసారి బో చేతిలో పెట్టి కొలిపించి చేయిస్తాను. 72 బాణాలకి 720లో నేను ఇప్పుడు 640 దగ్గర ఉన్నాను. సంక్రాంతికి 680 దాటితే, చీటీ డబ్బుతో 38 అంగుళాల టార్గెట్ బో కొంటాను, హంటింగ్‌ది మాత్రం కాదు.

శనివారం రాత్రికి టికెట్ తీశాను. విశాఖలోగానీ బరంపురంలోగానీ ఎవరి దగ్గరైనా బో ప్రెస్ ఉంటే ఈలోగా చెప్పండి, సగం దూరం తగ్గుతుంది.