‘తాత్కాలిక’ బాయిలరు

ఇంటిని వెచ్చబరిచే బాయిలరు కింద రెండు రోజులుగా నీటి చారిక కనిపిస్తున్నదని పిలిపిస్తే, వచ్చిన మెకానిక్కు బేస్‌మెంటులో టార్చి వేసి చూసి, "ఇది శాండీ బాయిలరు కదూ!" అని నవ్వాడు. ఆ నవ్వు పొద్దుటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది కాబట్టి పదకొండు దాటినా కూర్చుని రాస్తున్నాను. శాండీ తుపాను తరువాత నగరం ఉచితంగా బిగించిన తాత్కాలికపు సరుకట, ఇన్నాళ్ళు నడవడమే గొప్పట, వెంటనే మార్చకపోతే చలికాలంలో మమ్మల్ని ముంచుతుందట. చారిక ఎక్కడి నుంచి వస్తున్నదో మాత్రం చెప్పకుండా కొత్తదాని ఖరీదు కాగితం మీద రాసిచ్చి వెళ్ళాడు. మా ఆయన సంగతి మీకు తెలిసిందే. తలెత్తకుండా "చూద్దాంలే" అన్నారు.

ఆ తుపాను వచ్చిన 2012 అక్టోబరు 29 రాత్రి మా బేస్‌మెంటు మెట్లలో పై రెండే నీళ్ళ పైన మిగిలాయి. బాయిలరు, వేడినీళ్ళ ట్యాంకు, కరెంటు ప్యానెలు మూడూ ఉప్పునీళ్ళలో నానాయి. ఇంకా కరెంటు రాకముందే, నవంబరు 7న న్యూయార్కు నగరంలోని మా స్టేటన్ ఐలండ్ మీద మంచు కురిసింది. రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకొని కూర్చున్న అత్తయ్యగారు, "నిన్నటికి సరిగ్గా పదహారేళ్ళు" అన్నారు. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను గురించి. పెంకులు లేచిపోయిన ఇంటిమీద మామయ్యగారు బరకం కప్పి, కొబ్బరి తాళ్ళతో బిగించి, నాలుగు మూలలా పాత టైర్లు వేలాడదీశారట. తరువాత నష్టం రాసుకోవడానికి వచ్చినవారు అడిగింది ఒక్కటే: పూర్తిగా పడిందా, పాక్షికమా? పాక్షికమైతే వచ్చేది తక్కువ కాబట్టి, పక్కింటావిడ నిలిచి ఉన్న ఒక్క గోడా పడిపోవాలని దేవుడికి మొక్కుకున్నదట. ఈ మాట చెప్పి అత్తయ్యగారు నవ్వారు, మేము నవ్వలేకపోయాము.

నవంబరు 9న అప్పటి న్యూయార్కు మేయరు బ్లూమ్‌బర్గ్ ర్యాపిడ్ రిపేర్స్ (త్వరిత మరమ్మతులు) అనే పథకాన్ని ప్రకటించారు. నగరమే కాంట్రాక్టర్లను పెట్టి ఇంటింటికీ పంపింది. యజమాని చేతి నుంచి పైసా పడలేదు. కరెంటు, వెచ్చదనం, వేడినీళ్ళు వస్తే చాలు, మిగతావి తరువాత అన్నది పద్ధతి. ఇలాంటి అత్యవసర పనులకు సాధారణంగా ఫెడరల్ ప్రభుత్వం కనీసం 75 శాతం భరిస్తుంది, మిగిలినది రాష్ట్రమూ నగరమూ సర్దుకోవాలి. మార్చి చివరికల్లా ఇరవై వేలకు పైగా నివాసాలలో ఈ పని జరిగింది. అయినా అప్పట్లో నాకు ఒళ్ళు మండింది. బూజు పట్టిన గోడపలకలను మేమే కోసి బయట పారేస్తుంటే, పక్కన నిగనిగలాడే కొత్త బాయిలరు! అంత డబ్బు పెట్టేవారు గోడ కూడా వేస్తే ఏం పోయింది? సగం పని చేసి వెళ్ళడమేమిటని ఇక్కడే ఎన్ని టపాలు రాశానో.

ఈ రాత్రి మాత్రం ఆ కోపం నిలవడం లేదు. తాత్కాలికమన్నది బాయిలరుకు పెట్టిన పేరు కాదు, మా తలదాచుకోవడానికి పెట్టిన పేరు. మమ్మల్ని హోటలు గదికి పంపకుండా సొంత ఇంట్లోనే ఉంచాలంటే మొదట కావలసింది వేడి. గోడ లేకుండా ఆ చలికాలం గడిపాము కదా! పైగా, పూర్తిగానా పాక్షికమా అని ఎవరూ అడగలేదు, అత్తయ్యగారు ఎవరికీ మొక్కుకోలేదు. గోడలకు మేము పెట్టిన ఖర్చు తలుచుకుంటే మళ్ళీ కడుపు రగులుతుంది, అది వేరే విషయం.

భోజనాలయ్యాక కిందికి వెళ్ళి కాగితపు తువాలుతో ఒక్కొక్క గొట్టాన్నీ తుడిచి చూశాను. తడి బాయిలరుది కాదు, పక్కనున్న పంపు అతుకుది. ఖరీదు రాసిన కాగితాన్ని మడిచి ఊగుతున్న వంటింటి బల్ల కాలికింద పెట్టాను. రేపు ఇంకొకరిని పిలుస్తాను.