తిమ్మమ్మ మర్రిమాను కింద షీట్ ఫిల్మ్‌తో

కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను ఒక ఫొటోలో పట్టేది కాదు. దాదాపు ఐదెకరాల మేర పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దూరం నుంచి చూస్తే తోపు అనుకుంటాం. లోపలికి వెళ్తే ఎటు చూసినా ఊడలే, ఏది మొదటి మాను అన్నది తెలియదు. చెట్టంతా తీయాలన్న ఆశ వదులుకుని, ఊడలు నేలలోకి దిగి మానులైపోయిన ఒక చోటు ఎంచుకున్నాను.

నాది 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ కెమెరా. ముందు లెన్స్, వెనక బొమ్మ పడే గరుకు గాజు పలక (గ్రౌండ్ గ్లాస్), మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతలు పడే బెలోస్. ఒక్కో ఫొటోకి ఒక్కో షీటు. ముందురోజు రాత్రే చీకట్లో, వెలుతురు చొరని హోల్డర్లలోకి ఎక్కించుకోవాలి. షీటు నిలువుగా పట్టుకున్నప్పుడు అంచునున్న గాట్లు కుడిచేతి వైపు పైమూలలో వేలికి తగిలితే మందు పూసిన వైపు మనకేసి ఉన్నట్టు. అనంతపురం సీమ దుమ్ము సంగతి తెలిసిందే కదా, హోల్డర్లను బ్రష్‌తో తుడిచాకే ముట్టుకుంటాను.

నల్లగుడ్డ కప్పుకుని చూస్తే బొమ్మ తల్లకిందులుగా కనిపిస్తుంది. ఊడలు నేలలోంచి పైకి లేచిన మొక్కల్లా ఉంటాయి. నాకు ఇది చాలా ఇష్టం. అలవాటైన మర్రిచెట్టు మాయమై గీతలూ ఖాళీలే మిగులుతాయి, ఫ్రేము సరిచూసుకోవడం తేలికవుతుంది. మొక్కుకోవడానికి వచ్చిన ఒక పెద్దమ్మ, "కొలతలు వేసేకి వచ్చినావా నాయనా?" అని అడిగింది. గుడ్డ కింద ఆమెకీ చూపించాను. "అయ్యో, మాను తిరగబడిందే!" అని చాలాసేపు బయటికి రాలేదు.

మాను ఎత్తుగా ఉందని కెమెరా పైకి వంచితే ఊడలన్నీ పైన దగ్గరికి వాలిపోయినట్టు వస్తాయి. వెనక భాగం నిటారుగా ఉంచి, లెన్స్ ఉన్న పలకను మాత్రం పైకి జరిపాను. నిలువు గీతలు నిలువుగానే ఉన్నాయి. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఇంత బరువు మోయొచ్చు.

అసలు కష్టం వెలుతురుది. మాను బెరడు దాదాపు నలుపు, ఆకుల సందుల్లో ఆకాశం తెల్లగా మండిపోతూ ఉంటుంది. ఒక్క చోటి వెలుతురునే కొలిచే స్పాట్ మీటర్‌తో బెరడు మడతల్లో కొలిచి, నీడల్లో వివరం నిలిచేలా ఎక్స్‌పోజర్ పెట్టాను. లెన్స్ కన్నం బాగా చిన్నదయ్యే ఎఫ్ 32 దగ్గర 8 సెకన్లు వచ్చింది. ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ఫిల్మ్‌కి అంతసేపు తెరిచి ఉంచితే చురుకు తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం దాదాపు 14 సెకన్లు ఇవ్వాలి.

అంతసేపు చెట్టు కదలకుండా ఉండాలి కదా! షట్టర్ నొక్కే తీగ (కేబుల్ రిలీజ్) చేతిలో పట్టుకుని, ఆకుల కొసలకేసి చూస్తూ నిలబడటం ఎంత టెన్షనో. గాలి సద్దుమణిగాక షట్టర్ తెరిచాను. మధ్యలో మళ్లీ వీస్తే నల్ల అట్ట లెన్స్‌కి అడ్డం పెట్టి, లెక్క ఆపి, ఆగాక తీశాను. షట్టర్ మూశాక, ఫిల్మ్‌ను కప్పే డార్క్ స్లయిడ్ తిరిగి పెట్టాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

నెగెటివ్‌లో ఆకాశం మరీ దట్టంగా రాకుండా డెవలపింగ్ తగ్గించాలి. ఐడీ-11 అనే డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. నేను 9 నిమిషాలకే ఆపాను. మా కుళాయి నీళ్లు ఆ వేడిలో ఎప్పుడూ ఉండవు, గిన్నెలో ఐసు వేసి థర్మామీటర్ చూసుకుంటూ దించాల్సిందే. నెగెటివ్ వెలుతురుకి పట్టి చూస్తే బెరడు పగుళ్లు ఒక్కొక్కటీ కనిపించాయి. పై మూల ఆకులు కొంచెం చెదిరాయి. అది నాకు లోపంగా అనిపించలేదు, ఊడలు నిలకడగా ఉంటే చాలు.

ఈసారి కార్తీకంలో తెల్లవారుజామున వెళ్తాను. ఆషాఢంలో మబ్బు పట్టి వెలుతురు మెత్తగానే ఉంటుంది గానీ, ఆ గాలికి సన్న ఊడలు ఒక్క క్షణం ఆగవు.